ఓడినా లోటు లేని టీమ్: పిట్స్‌బర్గ్ అభిమాని గోడు

2025 మే 18, ఫిలడెల్ఫియా. అమెరికా బేస్‌బాల్ క్లబ్ పిట్స్‌బర్గ్ పైరేట్స్ తరఫున బంతి విసురుతున్న కుర్రాడు పాల్ స్కీన్స్. ఇంకా ఇరవై మూడేళ్లు నిండలేదు. ఎనిమిది ఇన్నింగ్స్‌లూ తనొక్కడే వేశాడు. ఇచ్చింది ఒక్కటంటే ఒక్క పరుగు. చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో బ్యాట్ పట్టే అవసరమే ఫిలడెల్ఫియాకి రాలేదు, ఎందుకంటే పైరేట్స్ బ్యాటర్లు ఆ ఒక్క పరుగు కూడా చేయలేకపోయారు. 1-0. అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ అయిన మేజర్ లీగ్‌లో ఆటంతా ఒంటిచేత్తో వేయడం స్కీన్స్‌కి అదే మొదటిసారి. ఆ ఘనతా, ఆ ఓటమీ ఒకే రోజు అతని ఖాతాలో పడ్డాయి.

క్రికెట్‌లో ఓడితే టీమ్ ఓడినట్టు. బేస్‌బాల్‌లో అలా కాదు, ప్రతి గెలుపునీ ప్రతి ఓటమినీ ఒక పిచర్, అంటే బంతి విసిరేవాడి పేరు మీద కూడా రాస్తారు. ఆ లెక్కన 2025 సీజన్ మొత్తానికి స్కీన్స్ ఖాతా చూస్తే 10 గెలుపులు, 10 ఓటములు. అత్తెసరు మార్కులతో గట్టెక్కిన విద్యార్థిలా ఉంది కదా! కానీ అదే ఏడాది అతను తొమ్మిది ఇన్నింగ్స్‌లకి సగటున ఇచ్చిన పరుగులు 1.97. సగటు మూడు లోపు ఉంటే చాలా మంచి పిచర్ అంటారు, రెండు లోపు అంటే మాటలు కాదు. లీగ్‌లో ఉత్తమ పిచర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డును ఆ నవంబరులో అతనికే ఇచ్చారు. మొదటి స్థానం ఓట్లు ముప్ఫైకి ముప్ఫై అతనికే పడ్డాయి.

దేశంలోకెల్లా గొప్పగా వేసినవాడు సగం గెలిచి సగం ఓడాడంటే మిగతా టీమ్ సంగతి చెప్పక్కర్లేదు. ఆ సీజన్‌లో పైరేట్స్ కొట్టిన హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) 117, ముప్ఫై టీమ్‌లలో అందరికంటే తక్కువ. మొత్తం 162 ఆటల్లో 71 గెలిచి 91 ఓడారు. మే నెల మొదట్లోనే, 12 గెలుపులు 26 ఓటముల దగ్గర, మేనేజర్ డెరెక్ షెల్టన్‌ని తీసేశారు. మేనేజర్ అంటే మన భాషలో కోచ్. మన దగ్గరా అంతే కదా, టీమ్ ఓడితే మొదట పోయేది కోచ్ ఉద్యోగమే. ఓనర్ ఉద్యోగం ఎక్కడా పోదు.

పిట్స్‌బర్గ్ అభిమాని కోపమంతా ఈ చివరి ముక్క మీదే.

ఆ ఏప్రిల్ 4న, సొంత మైదానంలో సీజన్ మొదటి ఆట. ఎదురుగా న్యూయార్క్ యాంకీస్. స్టాండ్స్‌లో జనం "సెల్ ద టీమ్" అని అరిచారు, అంటే టీమ్‌ని అమ్మేయ్ అని. పైన ఆకాశంలో ఒక చిన్న విమానం అదే మాట రాసిన బ్యానర్ లాక్కుంటూ చక్కర్లు కొట్టింది. ఆ మాట బాబ్ నటింగ్‌కి. ఆయనది వార్తాపత్రికల వ్యాపార కుటుంబం. 2007 నుంచి టీమ్‌కి ప్రధాన యజమాని. అప్పటినుంచి 2025 దాకా పంతొమ్మిది సీజన్లు గడిస్తే, ఓటముల కంటే గెలుపులు ఎక్కువ ఉన్నవి నాలుగే.

అదే వారం ఇంకో సంగతి బయటపడింది. మైదానంలో కుడివైపు గోడ ఎత్తు 21 అడుగులు. అది రాబర్టో క్లెమెంటే జెర్సీ నంబరు. ప్యూర్టో రికో నుంచి వచ్చి పిట్స్‌బర్గ్‌కి రెండు ప్రపంచ టైటిళ్లు తెచ్చిన ఆటగాడు. 1972 డిసెంబరు 31న, నికరాగ్వా భూకంప బాధితులకి సాయం సామగ్రి తీసుకెళ్తూ విమానం కూలి చనిపోయాడు. ఆ ఊళ్లో ఆయన్ని దాదాపు దేవుడిలా చూస్తారు. మైదానానికి నడిచి వెళ్లే పసుపు రంగు వంతెనకి కూడా ఆయన పేరే. ఆట ఉన్న రోజు దాని మీద కార్లు ఆపేసి మనుషుల్నే వదులుతారు. అలాంటి మనిషి నంబరు గోడ మీద ఉన్న చోట, డబ్బాల్లో అమ్మే ఓ మద్యం ప్రకటన అంటించారు. గొడవ అయ్యాక క్షమాపణ చెప్పి నంబరు మళ్లీ పెట్టారు. అది కావాలని చేసిన పనని నేననుకోను. కావాలని చేసి ఉంటే కనీసం ఎవరో ఒకరు ఆలోచించారని అర్థం. అక్కడ ఏముందో ఎవరికీ గుర్తే లేకపోవడం ఇంకా బాధ.

ఆ నెల అక్కడితోనూ ఆగలేదు. స్టేడియం కట్టేటప్పుడు అభిమానులు డబ్బు కట్టి తమ వాళ్ల పేర్లు చెక్కించుకున్న ఇటుకలు గేట్ల దగ్గర పరిచి ఉండేవి. ఆ ఇటుకలు ఒక రీసైక్లింగ్ యార్డులో కుప్పగా కనిపించాయి. చనిపోయిన తండ్రి పేరున్న ఇటుక చెత్తలో కనబడితే ఎవరికైనా ఎలా ఉంటుంది?

ఇంత చదివాక "సరే, ఓడే టీమ్‌లు ఎన్ని లేవు, దీని గొడవేంటి" అనిపించొచ్చు. దానికి 1992కి వెళ్లాలి.

ఆ ఏడాది అక్టోబరు 14 రాత్రి, అట్లాంటాలో, అట్లాంటా టీమ్‌తో ప్లేఆఫ్ సిరీస్ ఏడో ఆట. గెలిస్తే టైటిల్ తేల్చే వరల్డ్ సిరీస్‌కి. తొమ్మిదో ఇన్నింగ్స్ చివరి సగం మొదలయ్యేసరికి పైరేట్స్ 2-0 ఆధిక్యంలో ఉన్నారు. ముగ్గురిని అవుట్ చేస్తే చాలు. ఇద్దరు అవుటయ్యారు కూడా. అప్పటికి స్కోరు 2-1. అప్పుడు ఫ్రాన్సిస్కో కబ్రేరా అనే అట్లాంటా బెంచి ఆటగాడు ఎడమవైపు బంతిని కొట్టాడు. ఒకడు వచ్చేశాడు, స్కోరు సమం. వెనకాలే రెండో బేస్ నుంచి సిడ్ బ్రీమ్ పరుగెత్తుతున్నాడు. మోకాలికి ఆపరేషన్లు అయిన మనిషి, లీగ్‌లో అతి నెమ్మదిగా పరుగెత్తేవాళ్లలో ఒకడు. పైగా అంతకుముందు పైరేట్స్‌లోనే ఆడినవాడు. పైరేట్స్ స్టార్ బ్యారీ బాండ్స్ బంతి విసిరాడు. అది కాస్త ఒక పక్కకి వచ్చింది, క్యాచర్ (మన వికెట్‌కీపర్ లాంటివాడు) అందుకుని మళ్లీ చేయి చాచేలోపు బ్రీమ్ జారుకుంటూ, పరుగు పూర్తయ్యే చోటైన ప్లేట్ తాకేశాడు. జానెడు దూరం. 3-2.

ఆ చలికాలమే బాండ్స్ శాన్ ఫ్రాన్సిస్కోకి వెళ్లిపోయాడు. ఆ తర్వాత పైరేట్స్ 1993 నుంచి 2012 దాకా వరసగా ఇరవై సీజన్లు గెలుపుల కంటే ఓటములు ఎక్కువతోనే ముగించారు. ఉత్తర అమెరికాలో ఏ పెద్ద ఆటలోనూ ఏ టీమ్‌కీ ఇంత పొడుగు రికార్డు లేదు. బ్రీమ్ జారిన రాత్రి పుట్టిన బిడ్డ కాలేజీ చదువుకి వచ్చేదాకా ఒక్క మంచి సీజన్ చూడలేదన్నమాట. 2012లో ఆగస్టు మొదటి వారం దాటేసరికి 63 గెలుపులు, 47 ఓటములు. ఇంకేం, శాపం తీరిపోయిందన్నారు. చివరికి 79 గెలుపులు, 83 ఓటముల దగ్గర తేలారు.

మధ్యలో 2001లో కొత్త స్టేడియం వచ్చింది, పీఎన్‌సీ పార్క్. నది ఒడ్డున, అవతల ఊరి భవనాలు కనబడేలా కట్టారు. అమెరికాలో అందమైన బేస్‌బాల్ మైదానాల జాబితా ఎవరు రాసినా అది పైన ఉంటుంది, అందులో వాదనే లేదు. దాని వెనక కథ మాత్రం అంత అందంగా ఉండదు. 1997లో స్టేడియాల కోసం అమ్మకం పన్ను పెంచుతామంటే చుట్టుపక్కల కౌంటీల ఓటర్లు వద్దని ఓటేశారు. నాయకులు ప్లాన్ బి అని ఇంకో దారి వెతికి, ఎక్కువ భాగం ప్రజల డబ్బుతోనే కట్టారు. కొత్త మైదానం వస్తే ఆదాయం పెరుగుతుంది, ఆదాయంతో మంచి ఆటగాళ్లు వస్తారు అన్నది అప్పటి మాట. ఆ మొదటి సీజన్‌లోనే టీమ్ వంద ఆటలు ఓడింది.

ఇరవై ఏళ్ల కరువు 2013లో తీరింది. అక్టోబరు 1న సిన్సినాటీతో ప్లేఆఫ్ ఆట. స్టేడియం అంతా నల్ల చొక్కాలు. ప్రత్యర్థి పిచర్ జానీ క్వేటో పేరుని సాగదీస్తూ నలభై వేల మంది ఒక్క గొంతుతో పాడుతున్నారు. మైదానం మధ్యలో నిలబడ్డ అతని చేతిలోంచి బంతి జారి కింద పడింది. జనం ఇంకా రెచ్చిపోయారు. ఆ వెంటనే వేసిన బంతిని రస్సెల్ మార్టిన్ స్టాండ్స్‌లోకి పంపాడు. ఆ వీడియో ఇప్పుడు చూసినా ఒళ్లు గగుర్పొడుస్తుంది. నాకు బేస్‌బాల్ ఏబీసీడీలు రాని రోజుల్లో కూడా ఆ అరుపు మాత్రం అర్థమైంది. 2013, 14, 15లో వరసగా మూడుసార్లు ప్లేఆఫ్‌కి వెళ్లారు. 2015లో 98 ఆటలు గెలిచారు. అప్పుడు ఇంకో మంచి పిచర్ని, ఇంకో బ్యాటర్ని కొని ఉంటే?

కొనలేదు. 2018 జనవరిలో మూడు రోజుల వ్యవధిలో పిచర్ గెరిట్ కోల్‌ని హ్యూస్టన్‌కి, ఊరంతా ముద్దు చేసుకున్న ఆండ్రూ మకచన్‌ని శాన్ ఫ్రాన్సిస్కోకి ఇచ్చేశారు. ఆ ఏడాదే ఇంకో పిచర్ టైలర్ గ్లాస్నావ్‌ని టాంపా బేకి వదులుకున్నారు. కోల్ తర్వాత యాంకీస్‌లో సై యంగ్ గెలిచాడు. గ్లాస్నావ్ లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌తో ప్రపంచ టైటిల్ ఎత్తాడు. ఈ క్లబ్‌కి పైరేట్స్ అన్న పేరు ఎలా వచ్చిందో తెలుసా? 1890ల మొదట్లో వేరే టీమ్ వాళ్ల ఆటగాడిని లాగేసుకున్నారని ఎదుటివాళ్లు దొంగలని తిట్టారు. ఆ తిట్టునే వీళ్లు పేరుగా పెట్టుకున్నారు. ఇప్పుడు దొంగల ఇంట్లోనే దొంగలు పడ్డారు. కాకపోతే తలుపు లోపలివాళ్లే తీసి పెడుతున్నారు.

ఇక అసలు లెక్క. పిట్స్‌బర్గ్ చిన్న ఊరు, న్యూయార్క్, లాస్ ఏంజెలెస్‌ల టీవీ డబ్బు ఇక్కడ రాదు అంటారు. నిజమే. 2024 డిసెంబరులో న్యూయార్క్ మెట్స్ క్లబ్ హువాన్ సోటో అనే ఒక్క ఆటగాడితో 76.5 కోట్ల డాలర్లకి ఒప్పందం రాసుకుంది. పైరేట్స్ తమ చరిత్రలో మొదటిసారి పది కోట్లు దాటింది 2023లో, బ్రయాన్ రెనాల్డ్స్‌కి ఎనిమిదేళ్లకి కలిపి 10.675 కోట్లు ఇచ్చినప్పుడు. 2025లో పైరేట్స్ మొత్తం టీమ్ జీతాలు పది కోట్ల డాలర్ల లోపు, డాడ్జర్స్‌వి ముప్ఫై కోట్లకి పైన. అమెరికన్ ఫుట్‌బాల్, హాకీ లీగుల్లో జీతాలకి ఇంత మించొద్దని పై గీత ఉంటుంది, ఇంత తగ్గొద్దని కింద గీత కూడా ఉంటుంది. బేస్‌బాల్‌లో రెండూ లేవు. కాకపోతే ఖర్చు ఒక హద్దు దాటితే పన్ను కట్టాలి, అంతే. ఇదే పిట్స్‌బర్గ్‌లో ఫుట్‌బాల్ టీమ్ స్టీలర్స్‌కి ఆరు సూపర్ బౌల్‌లు, హాకీ టీమ్ పెంగ్విన్స్‌కి ఐదు స్టాన్లీ కప్‌లు ఉన్నాయి. మూడు టీమ్‌లవీ అవే నలుపు, పసుపు రంగులు. పైరేట్స్ చివరి టైటిల్ మాత్రం 1979.

కాబట్టి తప్పు లీగ్‌దేనా? చాలామంది అక్కడే ఆగిపోతారు. నేను ఆగలేను, ఎందుకంటే మిల్వాకీ ఉంది. లీగ్‌లో అన్నిటికంటే చిన్న మార్కెట్ ఆ ఊరు. పైరేట్స్ ఉన్న గ్రూపులోనే ఆడతారు. వాళ్లూ డబ్బు విచ్చలవిడిగా పోయరు, వాళ్లూ కార్బిన్ బర్న్స్ లాంటి స్టార్ పిచర్లని అమ్ముకున్నారు. అయినా 2018 నుంచి 2025 దాకా ఎనిమిది సీజన్లలో ఏడుసార్లు ప్లేఆఫ్ ఆడారు. 2025లో 97 గెలుపులతో మొత్తం లీగ్‌లోనే మొదటి స్థానం. చివర్లో డాడ్జర్స్ చేతిలో చిత్తుగా ఓడారు, డబ్బు దెబ్బ అక్కడ తగిలింది. పిట్స్‌బర్గ్ అభిమాని కోరేది అంతవరకే. డాడ్జర్స్‌ని ఓడించమని కాదు, డాడ్జర్స్ చేతిలో ఓడేదాకా వెళ్లమని.

మరి ఎందుకు వెళ్లరు? నా అంచనా ఇది: వెళ్లకపోయినా ఏమీ కాదు కాబట్టి. మేజర్ లీగ్‌లో ప్రతి క్లబ్ తన స్థానిక ఆదాయంలో 48 శాతం ఉమ్మడి కుండలో వేస్తుంది. ఆ కుండని ముప్ఫై మందీ సమానంగా పంచుకుంటారు. దేశవ్యాప్త టీవీ హక్కుల డబ్బు వేరే, అదీ సమానమే. చిన్న ఊళ్లు పోటీలో నిలవాలనే ఈ ఏర్పాటు, ఉద్దేశం మంచిదే. కానీ ఓడుతున్న క్లబ్‌కి కూడా ఆ వాటా అలాగే వస్తుంది. 2010లో కొన్ని క్లబ్‌ల లెక్కల కాగితాలు బయటికి వచ్చాయి. పైరేట్స్ 2007, 2008 రెండేళ్లకి కలిపి సుమారు 2.9 కోట్ల డాలర్ల లాభం చూపించారు. ఆ రెండు సీజన్లలో ఓడిన ఆటలు 94, 95. లాభాన్ని కుర్రాళ్ల శిక్షణ, కొత్త ఆటగాళ్ల ఎంపిక లాంటి వాటికే వాడుతున్నామని క్లబ్ చెప్పింది. 2018లో ఆటగాళ్ల సంఘం, పంచిన డబ్బుని టీమ్ మీద సరిగా పెట్టడం లేదని నాలుగు క్లబ్‌ల మీద ఫిర్యాదు చేసింది. అందులో పైరేట్స్ ఒకటి.

అభిమాని చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే, టికెట్ కొనకపోవడం. అది కొంతవరకే పనిచేస్తుంది. చెరువు మీద అలిగి స్నానం మానేసినట్టు, నష్టం అలిగినవాడికే. యాంకీస్ మైదానంలో అమ్ముడైన టికెట్‌లో కూడా పిట్స్‌బర్గ్‌కి ఎంతో కొంత ముడుతుంది మరి. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో అట్టడుగున ఉంటే కింది డివిజన్‌కి తోసేస్తారు. ఆ భయమూ ఇక్కడ లేదు. పైగా ఓడితే బహుమానం ఉంది: కొత్త కుర్రాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ముందు వరస. స్కీన్స్ దొరికింది అలాగే, 2023లో మొదటి ఎంపికగా.

మన ఐపీఎల్‌తో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. 2008లో డెక్కన్ చార్జర్స్ అందరికంటే కింద ఉన్నారు. మరుసటి ఏడాది గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో కప్పు కొట్టారు. 2023లో సన్‌రైజర్స్ పదో స్థానం, 2024లో ఫైనల్. హైదరాబాద్ అభిమాని మీమ్స్ తయారు చేసేలోపే టీమ్ లేచి కూర్చుంది. 2025 వేలానికి పది టీమ్‌లకీ తలా 120 కోట్ల పర్సు, అంతకు మించి ఎవరికీ లేదు. అక్కడా ఉమ్మడి టీవీ డబ్బే ఓనర్లని మోస్తుంది, కింది డివిజన్‌కి పోయే భయం లేదు. కానీ పర్సు సమానం కాబట్టి ఓడితే చెప్పుకోడానికి సాకు ఉండదు. పిట్స్‌బర్గ్‌లో సాకు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ ఉన్న ఒప్పందం 2026 డిసెంబరు 1తో ముగుస్తుంది. జీతాలకి పై గీత గీయాలని ఓనర్లలో చాలామంది కోరిక. దాని మీదే 1994లో సమ్మె జరిగి ఆ ఏడాది వరల్డ్ సిరీసే రద్దయింది. పిట్స్‌బర్గ్ అభిమానుల్లో పై గీత కావాలనేవాళ్లు చాలామందే కనిపిస్తారు, అందులో ఆశ్చర్యం లేదు. కానీ వాళ్లు అడగాల్సింది కింద గీత. డాడ్జర్స్‌ని ఇరవై కోట్ల దగ్గర ఆపినంత మాత్రాన పైరేట్స్ ఇంకో డాలర్ తీస్తారని ఎక్కడుంది? ఇంత కంటే తక్కువ పెడితే కుండలో వాటా కట్ అని రాస్తే అప్పుడు కదులుతుంది.

మధ్యలో ఒక ముచ్చట. ఈ టీమ్‌కి మన దేశంతోనూ ఓ చుట్టరికం ఉంది. 2008లో ఒక టీవీ పోటీలో గట్టిగా బంతి విసిరే కుర్రాళ్ల కోసం ఇండియా అంతా వెతికితే ఉత్తరప్రదేశ్ జావెలిన్ కుర్రాళ్లు ఇద్దరు దొరికారు, రింకూ సింగ్, దినేశ్ పటేల్. కోల్‌కతాకి ఆడే క్రికెటర్ రింకూ కాదు, వేరే. వాళ్లిద్దరినీ సంతకం పెట్టించుకున్న క్లబ్ పైరేట్సే. మేజర్ లీగ్ దాకా ఎవరూ రాలేదు, రింకూ తర్వాత రెజ్లింగ్‌లోకి వెళ్లాడు. ఇక తెలుగువాళ్లకి పిట్స్‌బర్గ్ అంటే బేస్‌బాల్ కాదు, పెన్ హిల్స్ కొండ మీది వెంకటేశ్వరస్వామి గుడి. 1970లలోనే కట్టిన గుడి. చుట్టుపక్కల రాష్ట్రాల నుంచి కూడా కార్లు వేసుకుని వస్తారు. అక్కడి నుంచి పీఎన్‌సీ పార్క్‌కి అరగంట దారి. దర్శనం చేసుకుని ఆటకి వెళ్లిన రోజు కూడా టీమ్ ఓడుతుంది, దానికి స్వామి మాత్రం ఏం చేస్తాడు.

2025 డిసెంబరులో టాంపా బే నుంచి బ్రాండన్ లౌ అనే బ్యాటర్‌ని తెచ్చుకున్నారు. కాస్త చేయి విప్పినట్టే. కానీ అందరి కళ్లూ 2029 మీదే ఉన్నాయి. నిబంధనల ప్రకారం స్కీన్స్ ఆ సీజన్ చివరి దాకా క్లబ్ చేతిలో ఉంటాడు. మొదటి ఏళ్లలో అలాంటి ఆటగాడికి జీతం కూడా నామమాత్రమే. సై యంగ్ గెలిచిన ఏడాది అతని జీతం పది లక్షల డాలర్లు కూడా లేదు. ఆ తర్వాత ఏ చొక్కా వేసుకుంటాడో పిట్స్‌బర్గ్‌లో చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు. సన్న గీతల యాంకీస్ చొక్కాలో స్కీన్స్ ఫొటోలు ఇప్పటికే ఫోన్లలో తిరుగుతున్నాయి, అభిమానులే చేసుకుని, అభిమానులే తిట్టుకుంటూ.

మరి ఇంకా ఎందుకు పట్టుకుని వేలాడుతున్నారు? ఓక్లండ్ అనే పేటలో, యూనివర్సిటీ భవనాల మధ్య, పాత ఫోర్బ్స్ ఫీల్డ్ మైదానం గోడ ముక్క ఒకటి మిగిలి ఉంది. ఎర్ర ఇటుకలు, తీగలు అల్లుకుని. 1960 అక్టోబరు 13న బిల్ మజెరోస్కీ ఆ మైదానం గోడ మీదుగా కొట్టిన హోమ్ రన్‌తో పైరేట్స్ యాంకీస్‌ని 10-9తో ఓడించి వరల్డ్ సిరీస్ గెలిచారు. ప్రతి ఏడాదీ అదే తేదీన కొందరు మడత కుర్చీలు తెచ్చుకుని ఆ గోడ దగ్గర కూర్చుంటారు. మధ్యాహ్నం అదే సమయానికి ఆ ఆట రేడియో రికార్డింగ్ పెడతారు. మొదటి బంతి నుంచి ప్రకటనలతో సహా మొత్తం వింటారు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ముందుకి వెళ్లినప్పుడు చప్పట్లు కొడతారు, తొమ్మిదిలో యాంకీస్ సమం చేస్తే నిట్టూరుస్తారు. అరవై ఏళ్ల కిందట తేలిపోయిన స్కోరే అది. మజెరోస్కీ బ్యాట్ తగిలిన శబ్దం వినబడేసరికి అందరూ కుర్చీల్లోంచి లేచి నిలబడతారు.